పాత హెచ్‌ఎంటీ పైలట్: అసలుదేదో గుర్తుపట్టడం, విప్పి సర్వీసు చేయడం

నల్లటి డయల్, దాని మీద కొట్టొచ్చినట్టు కనపడే తెల్లటి అంకెలు, చీకట్లో మెరిసే రంగు పూసిన ముళ్లు, రోజూ కీ ఇచ్చుకోవాల్సిన మెషీన్. హెచ్‌ఎంటీ పైలట్ అంటే ఇదే. సామాన్యుడు కొనుక్కోగలిగిన ధరలో మన దేశంలో తయారైన గట్టి వాచీ. కంపెనీ మూతపడ్డాక దీనికి గిరాకీ పెరిగింది, దాంతోపాటే అతుకుల వాచీలూ పెరిగాయి. ఏదో ఒక పాత మెషీన్, ఇంకేదో కేసు, నిన్నగాక మొన్న అచ్చువేసిన డయల్ కలిపి ‘పైలట్’ అని అమ్ముతున్నారు.

కొనేవాళ్లలో ఎక్కువమంది డయల్ చూసి మనసు పారేసుకుంటారు. నిగనిగలాడే డయలే ఇక్కడ మొదటి అనుమానం కావాలి. ముందు మెషీన్, తర్వాత కేసు, ఆ తర్వాతే డయల్ చూడండి. ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగాయో లేదో తెలియాలంటే కంపెనీ ఎప్పుడు ఏం చేసిందో కొంత తెలిసి ఉండాలి. కాబట్టి కథ అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

కంపెనీ కథలో పనికొచ్చే ముక్కలు

హిందుస్థాన్ మెషీన్ టూల్స్ 1953లో బెంగళూరులో మొదలైన ప్రభుత్వరంగ సంస్థ. అసలు పని లేత్‌లు, మిల్లింగ్ యంత్రాలు చేయడం. జపాన్‌కి చెందిన సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో 1961లో చేతి గడియారాలు మొదలుపెట్టింది. మొదటి వాచీలను విడుదల చేసింది అప్పటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ. తొలినాళ్లలో కొన్ని డయల్స్ మీద హెచ్‌ఎంటీతో పాటు సిటిజన్ పేరు కూడా ఉండేది. డయల్ మీద రెండు పేర్లు కనపడగానే నకిలీ అని పక్కన పెట్టేయకండి. ఆ కాలపు మెషీన్, ఆ కాలపు అరుగుదల ఉంటే అది అపురూపమైన వాచీ.

ఆ తర్వాత బెంగళూరుతో పాటు శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లలో ఫ్యాక్టరీలు వచ్చాయి. జనతా, సోనా, కోహినూర్, కాంచన్, రజత్, జవాన్, పైలట్, చూపులేనివారి కోసం బ్రెయిలీ వాచీ, ఇలా వందల మోడళ్లు వచ్చాయి. ‘దేశానికి సమయం చెప్పేవాళ్లం’ అన్న అర్థంలో కంపెనీ చేసుకున్న ప్రచారం ఉత్తమాట కాదు. పెళ్లికొడుక్కి కట్నంగానో, ఉద్యోగి పదవీ విరమణ కానుకగానో ఇచ్చే వాచీ అంటే చాలా ఏళ్లపాటు హెచ్‌ఎంటీయే.

దెబ్బ పడింది బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీల దగ్గర. 1984లో టాటా సంస్థ, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి టైటన్ పెట్టాయి. హోసూరు ఫ్యాక్టరీ నుంచి సన్నటి, అందమైన క్వార్ట్జ్ వాచీలు మార్కెట్‌ని ముంచెత్తాయి. హెచ్‌ఎంటీ కూడా క్వార్ట్జ్ చేసింది కానీ దాని బలం, దాని యంత్రాలు, దాని కార్మికుల నైపుణ్యం అన్నీ కీ వాచీల్లోనే ఉన్నాయి. 2000లో గడియారాల విభాగాన్ని హెచ్‌ఎంటీ వాచెస్ అనే అనుబంధ సంస్థగా విడదీశారు. నష్టాలు ఆగలేదు. 2014లో మూసివేత వార్త బయటకు వచ్చింది, 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం దానికి ఆమోదం తెలిపింది. ఆ తర్వాత మాతృసంస్థ హెచ్‌ఎంటీ లిమిటెడ్ పాత పేర్లతోనే కొద్ది సంఖ్యలో వాచీలు అమ్ముతూ వస్తోంది. కొత్తగా, శుభ్రంగా ఉన్న పైలట్ కనపడితే అది తప్పనిసరిగా మోసం అనుకోనక్కర్లేదు. కానీ కొత్తది కొత్తదిగానే అమ్మాలి, ‘డెబ్బైల నాటి వాడని సరుకు’ అని కాదు.

ఇక్కడే ఒక మాట. హైదరాబాద్ ఆల్విన్ వాచీలు కూడా చాలా ఇళ్లలో ఉంటాయి. అవి సీకో సహకారంతో వచ్చినవి. మెషీన్ కుటుంబమే వేరు. హెచ్‌ఎంటీ స్పేర్లు వాటికి సరిపోవు, వాటివి వీటికి సరిపోవు. రెండింటి పాత మెషీన్లూ ఒకే పొట్లంలో పోసి అమ్మేవాళ్ల దగ్గర కొనేటప్పుడు ఈ తేడా మర్చిపోకూడదు.

మెషీన్: 0231

పైలట్ లోపల ఎక్కువగా దొరికేది 0231 మెషీన్. సిటిజన్ హోమర్ కుటుంబం నుంచి వచ్చింది. చేత్తో కీ తిప్పేది, 17 జ్యూవెల్స్ (ఇరుసులు తిరిగే చిన్న రాళ్లు), గంటకి 18,000 బీట్లు (టిక్కులు), మధ్యలోంచే తిరిగే సెకన్ల ముల్లు. పూర్తిగా కీ ఇస్తే సుమారు 40 గంటలు నడుస్తుంది. అటూ ఇటూ ఊగుతూ వేగాన్ని అదుపులో ఉంచే బ్యాలెన్స్ వీల్ ఇరుసుని దెబ్బల నుంచి కాపాడే స్ప్రింగు ఏర్పాటుకి సిటిజన్ పెట్టుకున్న పేరు పారాషాక్. డయల్ మీద ఆ మాట కనపడేది అందుకే. పాతవాటిలో 020 అన్న సంఖ్య ఉన్న మెషీన్లు కూడా ఉంటాయి.

ఇదే 0231 జనతాలో, ఇంకా చాలా కీ వాచీల్లో కూడా ఉంటుంది. ఈ ఒక్క సంగతిలోనే లాభం, ప్రమాదం రెండూ ఉన్నాయి. స్పేర్లు దొరకడం తేలిక కావడం లాభం. జనతా వాచీకి నల్ల డయల్ వేసి పైలట్‌గా మార్చేయడం అంతే తేలిక కావడం ప్రమాదం.

0231కి తేదీ చూపే ఏర్పాటు లేదు. తనంతట తాను కీ ఎక్కే ఏర్పాటు లేదు. స్టాప్‌వాచ్ లేదు. కాబట్టి 0231 మీద కూర్చున్న డయల్‌లో తేదీ కిటికీ ఉన్నా, ‘ఆటోమేటిక్’ అని రాసి ఉన్నా, చిన్న చిన్న ఉపడయల్స్ బొమ్మలు అచ్చువేసి ఉన్నా అది బయట తయారైన డయల్. ఇంకో పరీక్ష అక్కర్లేదు.

డయల్, కేసు, ముళ్లు

పదింతలు పెద్దది చేసి చూపే కంటి భూతద్దం ఒకటి కొనుక్కోండి. ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూస్తే సరిపోదు, ఫోన్ సాఫ్ట్‌వేర్ అంచులను తనంతట తానే నున్నగా చేసేస్తుంది.

ఫ్యాక్టరీ అచ్చులో అక్షరాలు సన్నగా, ఒకే మందంతో, పదునైన అంచులతో ఉంటాయి. మళ్లీ వేసిన డయల్‌లో సిరా కొద్దిగా ఒలికినట్టు ఉంటుంది. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఉండే హెచ్‌ఎంటీ గుర్తులో ‘ఎమ్’ కాళ్ల మధ్య ఖాళీ పూడుకుపోయి కనిపిస్తుంది. నిమిషాల గీతలు గుండ్రంగా సమాన దూరంలో ఉండాలి, 12, 6 దగ్గరి గీతలు కేసు లగ్‌ల (బెల్టు తగిలించే కొమ్ముల) మధ్యరేఖకి సూటిగా రావాలి. ఓ నిమిషం పక్కకి జరిగి ఉంటే డయల్ కాళ్లు (దాన్ని మెషీన్‌కి పట్టి ఉంచే వెనక పిన్నులు) విరిగి, జిగురుతో అంటించి ఉంటారు. కొన్నాళ్లకి ఆ జిగురు వదులై డయల్ లోపలే తిరుగుతుంది, ముళ్లకి తగులుతుంది.

ఎర్రటి, పసుపుపచ్చ, చిలకాకుపచ్చ పైలట్‌లు బోలెడు కనపడతాయి. సేకరించేవాళ్లు వీటిని ‘ముంబయి స్పెషల్’ అంటారు. పెట్టుకోవడానికి సరదాగా ఉంటే కొనుక్కోండి, తప్పేమీ లేదు. కానీ ఫ్యాక్టరీ పైలట్ ధర మాత్రం ఇవ్వకండి.

రంగు వెలిసి, అంచుల్లో మచ్చలు పడి, అంకెలు మీగడ రంగుకి తిరిగిన అసలు డయల్ కొత్తగా రంగు వేసిన డయల్ కంటే వెయ్యిరెట్లు నయం. పోయిన అచ్చుని తిరిగి తెచ్చే మార్గం లేదు. దాన్ని శుభ్రం చేయిస్తామని ఎవరన్నా అంటే వద్దనండి. తడి దూది ఒక్కసారి తగిలినా అక్షరాలు ఊడివస్తాయి.

ముళ్ల పొడవు కొలవకుండానే తెలుస్తుంది. నిమిషాల ముల్లు నిమిషాల గీతలను తాకాలి, గంటల ముల్లు అంకెల లోపలి అంచు దగ్గర ఆగాలి. నిమిషాల ముల్లు గీతల దాకా రాకుండా మధ్యలో ఆగిపోయిందంటే అది వేరే వాచీది. డయల్ మీది పూత, ముళ్ల మీది పూత ఒకే రంగుకి మారి ఉండాలి. డయల్ మీద గోధుమరంగు, ముళ్ల మీద తెల్లటి తెలుపు ఉంటే ముళ్లు మార్చారు. దశాబ్దాల నాటి పూత దీపం ఆర్పాక గంటలకొద్దీ వెలగదు. గట్టిగా ఆకుపచ్చగా వెలుగుతోందంటే కొత్తగా పూసిందే. పాత పూతని గోకడం, రుద్దడం, ఊదడం అస్సలు చేయకూడదు. అందులో ఏ పదార్థం వాడారో కంటితో తేలదు, పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

కేసు వ్యాసం క్రౌన్ (కీ తిప్పే బుడిపె) కాకుండా దాదాపు 35 మిల్లీమీటర్లు, బెల్టు వెడల్పు 18 మిల్లీమీటర్లు. ఇవాళ్టి వాచీలు అలవాటైనవాళ్లకి చిన్నగా అనిపిస్తుంది. అమ్మేవాళ్లు ఫోటోలో చేతికి పెట్టి చూపకపోతే కొలత అడగండి. లగ్‌ల లోపలి వైపు, బెల్టు పిన్నులు దూరే రంధ్రాల దగ్గర చెమట తినేసిన గుంటలు ఉంటాయి. క్రోమ్ పూత ఉన్న కేసు అయితే అక్కడ పసుపుపచ్చ ఇత్తడి బయటపడుతుంది. అలాంటి కేసుని పాలిష్ చేయకూడదు. పూత ఇంకా పోతుంది, మళ్లీ వేయించిన క్రోమ్ అంచులన్నిటినీ మొద్దుబారుస్తుంది.

జవాన్ గురించి ఒక్క ముక్క. అది సైనికుల కోసం ఉద్దేశించిన మోడల్. వెనక మూత మీద బాణం గుర్తు చెక్కి ‘సైన్యం వాచీ’ అని ఎక్కువ ధర చెప్పేవాళ్లున్నారు. మూత మీద బాణం చెక్కడం పది నిమిషాల పని. చెక్కిన గాడి లోపల మూతకి ఉన్నంత పాతదనం, మురికి ఉన్నాయో లేదో చూడండి.

అమ్మేవాళ్లని అడగాల్సినవి

డయల్‌ని సూటిగా పైనుంచి తీసిన ఫోటో, మూత తీసి మెషీన్ ఫోటో, మూత లోపలి వైపు ఫోటో, క్రౌన్ పక్కనుంచి ఫోటో. వీటితోపాటు ఒక వీడియో: కీ తిప్పడం, క్రౌన్ బయటికి లాగి ముళ్లు రెండు వైపులా తిప్పడం, లోపలికి నొక్కి సెకన్ల ముల్లు నడవడం. మూత తీయడం కుదరదన్నవాళ్ల దగ్గర కొనకండి. ఈ వాచీ మూత తీయడానికి నిమిషం పడుతుంది.

మూత లోపల పాత మెకానిక్‌లు గోరుతో గీసినట్టు గీసిన తేదీలు, గుర్తులు ఉంటే అది మంచి సంగతే. వాచీ సర్వీసు చూసింది. మెషీన్ స్క్రూల తలలు నలిగి ఉంటే మాత్రం చేతకాని చేతులు పడ్డాయి. బ్రిడ్జిల (చక్రాలను పైనుంచి పట్టి ఉంచే పలకల) మీద తుప్పు ఉంటే కొనవద్దు. స్టెమ్ (క్రౌన్ నుంచి మెషీన్‌లోకి వెళ్లే కడ్డీ) దగ్గర మొదలైన తుప్పు లోపల ఎంత దూరం వెళ్లిందో బయటికి కనపడదు.

చేతికి వచ్చిన రోజు

తెచ్చిన వెంటనే పూర్తిగా కీ ఇచ్చి రోజంతా నడిపించాలనిపిస్తుంది. ఆగండి. పాత నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది, దానిలో మురికి కలిస్తే ఇరుసుల్ని గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఐదారు సార్లు మాత్రమే కీ తిప్పి, నడుస్తోందో లేదో చూసి, మెషీన్ శబ్దం విని వదిలేయండి.

టైమ్‌గ్రాఫర్ (టిక్కుల శబ్దం విని వాచీ వేగం కొలిచే యంత్రం) అందుబాటులో ఉంటే 18,000కి పెట్టి చూడండి. ఈ పరీక్ష కోసం ఒక్కసారి మాత్రం పూర్తిగా కీ ఇవ్వాలి. లిఫ్ట్ యాంగిల్ (మెషీన్‌ని బట్టి ఆ యంత్రంలో పెట్టాల్సిన కోణం) తప్పుగా పెడితే ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ వీల్ ఎన్ని డిగ్రీలు ఊగుతోందో చెప్పే) సంఖ్య తప్పు చూపిస్తుంది కానీ రోజుకి ఎన్ని సెకన్లు ముందూ వెనకా అన్నది మారదు. డయల్ పైకి పెట్టినప్పుడు ఆంప్లిట్యూడ్ 200 కంటే తక్కువుంటే సర్వీసు చేయకుండా పెట్టుకోకూడదు. సర్వీసు అయ్యాక 250 పైన రావాలి, మంచి మెషీన్ అయితే 270 దాటుతుంది. క్రౌన్ కిందికి వచ్చేలా నిలబెడితే 30–40 డిగ్రీలు తగ్గడం మామూలే.

విప్పడం

ఇంట్లో విప్పే ఉద్దేశం ఉంటే ముందు పాడైన జనతా మెషీన్ ఒకటి కొని దాని మీద చేయి తిప్పుకోండి. తర్వాత అదే స్పేర్ల డబ్బా అవుతుంది. పనిముట్లు: కేసు కత్తి, 0.8 నుంచి 1.6 మిల్లీమీటర్ల దాకా స్క్రూడ్రైవర్లు, సన్నమొన పట్టకార్లు రెండు, ముళ్లు లేపే లీవర్లు, మెషీన్ హోల్డర్, నూనె పెట్టే పుల్లలు, పెగ్‌వుడ్ (శుభ్రం చేసే చెక్క పుల్లలు), రొడికో (మురికిని అంటించుకునే మెత్తటి ముద్ద). స్క్రూడ్రైవర్ మొనలు గాడి వెడల్పుకి సరిపడేలా నూరుకోవాలి. జారిన మొన బ్రిడ్జి మీద గీత పెడుతుంది, ఆ గీత ఎప్పటికీ పోదు.

1. మూత అంచున చిన్న పెదవి లాంటి చోటు వెతకండి. కత్తి అక్కడ పెట్టి మెలితిప్పాలి, తోయకూడదు. తోస్తే కత్తి లోపలికి జారి బ్యాలెన్స్ వీల్‌ని నరుకుతుంది. మూత అంచున గాళ్లు ఉంటే అది మర మూత, రబ్బరు బంతితో ఒత్తి ఎడమకి తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది.

2. మెషీన్ మీద సంఖ్య చూసి ఫోటో తీసుకోండి. ప్రతి మెట్టులోనూ ఫోటో తీయడం మానొద్దు.

3. మెయిన్ స్ప్రింగులో (కీ ఇస్తే బిగిసి వాచీని నడిపేది) మిగిలిన బిగువు వదలాలి. క్రౌన్‌ని రెండు వేళ్లతో పట్టుకుని, క్లిక్‌ని (స్ప్రింగు వెనక్కి విప్పుకోకుండా ఆపే చిన్న కొక్కేన్ని) పెగ్‌వుడ్‌తో పక్కకి జరిపి, క్రౌన్ వేళ్ల మధ్య మెల్లగా జారనివ్వండి. ఇది చేయకుండా, చక్రాలను ఆపి ఆపి వదిలే ప్యాలెట్ ఫోర్క్ తీస్తే చక్రాలన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగి ఇరుసులు విరుగుతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్ల చేతిలో మెషీన్ పాడయ్యే మొదటి కారణం ఇదే.

4. స్టెమ్ తీయడం. స్టెమ్ పక్కన స్క్రూ ఉంటే ఒకటి, ఒకటిన్నర చుట్టు మాత్రమే వదులు చేయండి. పూర్తిగా తీసేస్తే సెట్టింగ్ లీవర్ (స్టెమ్‌ని పట్టి ఉంచే మీట) డయల్ వైపు పడిపోతుంది, దాన్ని మళ్లీ పెట్టడానికి డయల్ తీయాల్సి వస్తుంది. స్క్రూ కాక నొక్కే పిన్ను ఉంటే క్రౌన్ ముళ్లు తిప్పే స్థానంలో ఉంచి నొక్కాలి.

5. మూడు ముళ్లూ 12 మీదికి తెచ్చి, డయల్ మీద పలచటి ప్లాస్టిక్ కాగితం పరిచి లీవర్లతో లేపండి. సెకన్ల ముల్లు గొట్టం సన్ననిది. ముల్లు ఊడి వచ్చి గొట్టం ఇరుసు మీదే ఉండిపోవడం ఈ పాత వాచీల్లో తరచూ జరుగుతుంది. అలా అయితే గొట్టాన్ని లాగకుండా మెకానిక్‌కి ఇవ్వండి. ఇరుసు విరిగితే ముల్లు కంటే పెద్ద నష్టం.

6. డయల్ కాళ్లని పట్టుకున్న స్క్రూలు మెషీన్ అంచున ఉంటాయి. కొంచెం వదులు చేస్తే చాలు. డయల్ అంచులు పట్టుకుని లేపి, వెంటనే మూతున్న డబ్బాలో పెట్టేయండి.

7. బ్యాలెన్స్ కాక్ (బ్యాలెన్స్ వీల్‌ని పట్టుకున్న చిన్న బ్రిడ్జి) స్క్రూ తీసి, కాక్‌ని చక్రంతో సహా లేపాలి. చక్రానికి ఉండే సన్నటి చుట్ల హెయిర్ స్ప్రింగ్ సాగేలా గాలిలో వేలాడనివ్వకూడదు, వెంటనే తిరగేసి పెట్టండి. తర్వాత ప్యాలెట్ బ్రిడ్జి, ఫోర్క్, చక్రాల బ్రిడ్జి, బ్యారెల్ (మెయిన్ స్ప్రింగ్ ఉండే డబ్బా) బ్రిడ్జి. క్రౌన్ వీల్ స్క్రూ చాలా మెషీన్లలో ఎడమ మర. తిరగకపోతే బలం పెంచకుండా రెండో వైపు ప్రయత్నించండి.

కడగడం, నూనె

మెషీన్‌ని విప్పకుండా పెట్రోల్‌లో ముంచి, ఊది, పైన నూనె చుక్కలు వేసి ఇవ్వడం సర్వీసింగ్ కాదు. రాళ్ల రంధ్రాల్లో ఎండిన నూనె అలాగే ఉంటుంది, కొత్త నూనె దానిమీద పేరుకుంటుంది. వాచీ రెండు నెలలు బ్రహ్మాండంగా నడిచి ఆగిపోతుంది. మెకానిక్‌కి ఇచ్చినా ‘మొత్తం విప్పి కడుగుతారా, ఏ నూనె వాడతారు’ అని ముందే అడగండి.

వాచీలు కడిగే ద్రావణం గానీ, శుద్ధిచేసిన నాఫ్తా గానీ వాడాలి. గాలి ఆడే చోట, మంటకి దూరంగా. ప్యాలెట్ ఫోర్క్‌ని, బ్యాలెన్స్ వీల్‌ని ఆల్కహాల్‌లో నానబెట్టకూడదు. వాటిలోని చిన్న రాళ్లు లక్కతో అంటించి ఉంటాయి, ఆల్కహాల్ లక్కని కరిగిస్తుంది. కడిగాక ప్రతి రాయి రంధ్రంలోనూ సూదిలా చెక్కిన పెగ్‌వుడ్ తిప్పండి. పుల్ల మొన తెల్లగా వచ్చేదాకా తిప్పుతూనే ఉండాలి.

పారాషాక్ స్ప్రింగు తీసేటప్పుడు మెషీన్‌ని పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో పెట్టి పని చేయండి. అది ఎగిరితే దొరకదు. మూత రాయి మీద మోబియస్ కంపెనీ 9010 నూనె చుక్క వేయాలి, ఆ చుక్క రాయి వ్యాసంలో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా ఉండాలి. ఎస్కేప్ వీల్, సెకన్ల చక్రం, మూడో చక్రం ఇరుసులకీ 9010. నెమ్మదిగా, బరువుతో తిరిగే మధ్య చక్రానికీ, బ్యారెల్ ఇరుసుకీ చిక్కటి హెచ్‌పీ 1300 గానీ డీ5 గానీ. ప్యాలెట్ రాళ్ల ఒత్తిడి ముఖాల మీద 9415 చిటికెడు. ప్యాలెట్ ఫోర్క్ ఇరుసులకి మాత్రం నూనె పెట్టకూడదు, పెడితే ఆంప్లిట్యూడ్ పడిపోతుంది. స్టెమ్, క్లచ్, సెట్టింగ్ లీవర్లకి గ్రీజు. మెయిన్ స్ప్రింగ్ మీద పలచటి పూత 8200.

నూనె ఎక్కువైతే మంచిదనుకోవడం పెద్ద పొరపాటు. రాయి చుట్టూ ఉండే గిన్నె సగం నిండితే చాలు. పొంగిన నూనె బ్రిడ్జి కిందికి పాకి, రాయి దగ్గర ఉండాల్సినదాన్ని కూడా లాగేసుకుంటుంది. హెయిర్ స్ప్రింగ్‌కి తగిలితే చుట్లు అతుక్కుని వాచీ రోజుకి నిమిషాలకి నిమిషాలు ముందుకు పోతుంది.

తిరిగి బిగించేటప్పుడు రెండుచోట్ల ఆగి చూడండి. చక్రాలు, బ్రిడ్జిలు పెట్టాక, ఫోర్క్ పెట్టకముందు, క్రౌన్ ఒకట్రెండు క్లిక్కులు తిప్పండి. చక్రాలన్నీ స్వేచ్ఛగా తిరిగి, ఆగేముందు కొద్దిగా వెనక్కి రావాలి. వెనక్కి రాకుండా టక్కున ఆగితే ఎక్కడో మురికి గానీ, వంగిన ఇరుసు గానీ ఉంది. బ్రిడ్జి స్క్రూ బిగించే ప్రతిసారీ చక్రం ఇంకా ఊగుతోందో లేదో చూడాలి. ఇరుసు రంధ్రంలో కూర్చోకముందే బిగిస్తే రాయి పగులుతుంది. ఫోర్క్ పెట్టి నాలుగు క్లిక్కులు కీ ఇచ్చాక, దాన్ని మెల్లగా తాకితే చటుక్కున అటు గోడకి పోవాలి. ఈ రెండూ సరిగ్గా ఉంటే బ్యాలెన్స్ పెట్టగానే వాచీ ఎవరూ కదపకుండానే కొట్టుకోవడం మొదలుపెడుతుంది.

రోగం, కారణం

కీ ఎంత తిప్పినా చివర తగలకపోతే మెయిన్ స్ప్రింగ్ తెగింది, లేదా బ్యారెల్ గోడకి పట్టుకునే కొక్కెం ఊడింది. కీ తిప్పుతుంటే కరకరమని జారితే క్లచ్, వైండింగ్ పినియన్ పళ్లు అరిగాయి, లేదా స్టెమ్ తుప్పుపట్టింది. క్రౌన్ చేతిలోకి వచ్చేస్తే ముందు సెట్టింగ్ లీవర్ స్క్రూ చూడండి, చాలాసార్లు దాన్ని బిగిస్తే సరిపోతుంది.

సెకన్ల ముల్లు చక్కగా తిరుగుతూ నిమిషాల ముల్లు వెనకబడుతుంటే మెషీన్‌లో తప్పేమీ లేదు. కానన్ పినియన్ (నిమిషాల ముల్లు కూర్చునే గొట్టం) వదులైంది, దాన్ని ప్రత్యేక పనిముట్టుతో కొద్దిగా నొక్కి బిగించాలి. పట్టకారుతో నొక్కితే పగులుతుంది.

ఉన్నట్టుండి రోజుకి నాలుగైదు నిమిషాలు ముందుకు పోతుంటే అయస్కాంతం పట్టి ఉంటుంది. స్పీకర్లు, అయస్కాంతపు ఫోన్ కవర్లు, బ్యాగుల గుండీలు కారణం. దిక్సూచి పక్కన వాచీ పెడితే సూది ఊగుతుంది. అయస్కాంతం తీసే యంత్రంలో సెకన్లలో పని. ఆ తర్వాతా ముందుకే పోతుంటే హెయిర్ స్ప్రింగ్‌కి నూనె తగిలింది, లేదా చుట్లు చెదిరాయి.

పడుకోబెడితే నడిచి నిలబెడితే ఆగే వాచీకి సాధారణంగా బ్యాలెన్స్ ఇరుసు అరిగి ఉంటుంది. దానికి కొత్త బ్యాలెన్స్ కావాలి. దాత మెషీన్ నుంచి తెచ్చేటప్పుడు బ్యాలెన్స్, హెయిర్ స్ప్రింగ్, కాక్ మూడూ కలిపి ఒకటిగా తేవాలి. విడివిడిగా తెస్తే అవి ఒకదానికొకటి పొసగక రేటు ఎప్పటికీ కుదరదు. సంఖ్య చూడకుండా 020 భాగాన్ని 0231లో బలవంతంగా కూర్చోబెట్టే ప్రయత్నం కూడా వద్దు.

రేటు సరిచేయడానికి బ్యాలెన్స్ కాక్ మీది చిన్న మీటని వెంట్రుకవాసి కదిపితే చాలు. సర్వీసు అయ్యాక ఒక రోజు నడవనిచ్చి, ఆ తర్వాత కదపండి. రోజుకి 30 సెకన్లలోపు తేడా వస్తే ఈ మెషీన్‌కి అది మంచి ఫలితం. టైమ్‌గ్రాఫర్ లేకపోతే ఫోన్‌లోని సమయంతో తేడా రాసుకుని, సరిగ్గా 24 గంటలకి మళ్లీ చూడండి. మామూలు 0231లో క్రౌన్ లాగినా సెకన్ల ముల్లు ఆగదు, అందుకే సెకన్లు కలపడం మాని తేడాని రాసుకోవడమే సులువు.

అద్దం, మూత, వాడకం

అద్దం అక్రిలిక్. సన్న గీతలు ప్లాస్టిక్ పాలిష్‌తో రెండు మూడు నిమిషాలు రుద్దితే పోతాయి. లోతైనవాటిని 1000, తర్వాత 2000 నంబరు తడి గరుకు కాగితంతో దించి పాలిష్ చేయాలి. అంచున పగులు ఉంటే మాత్రం మార్చేయండి, తేమ అక్కణ్ణుంచే దిగుతుంది. మూత నొక్కి బిగించేటప్పుడు కేసు ప్రెస్‌లోని అచ్చు కేసు అంచు మీద ఆనాలి. అద్దం మీద ఆనితే అద్దం పటుక్కున పగిలి ముళ్లు వంగిపోతాయి.

పేరు పైలట్ అయినా, చూడ్డానికి గట్టిగా ఉన్నా, ఇది నీళ్ల వాచీ కాదు. చేతులు కడుక్కునేటప్పుడు తీసి పక్కన పెట్టండి, వానలో జేబులో వేసుకోండి. అద్దం లోపల ఆవిరి కనపడితే ఆ రోజే మూత తెరిచి ఆరబెట్టాలి. వారం ఆగితే స్టెమ్ తుప్పుపడుతుంది.

రోజూ ఒకే వేళకి, చేతికి పెట్టుకోకముందు కీ ఇవ్వండి. పెట్టుకుని తిప్పితే స్టెమ్ పక్కకి ఒత్తుకుని దాని రంధ్రం వెడల్పవుతుంది. ఇరవై ముప్ఫై తిప్పులకి గట్టిగా తగులుతుంది, అక్కడ ఆపాలి. రోజూ వాడే వాచీకి నాలుగైదేళ్లకోసారి సర్వీసు చాలు. డబ్బాలో దాచినవాటికి నెలకోసారి సగం కీ ఇచ్చి నడవనివ్వండి, డబ్బాలో తేమ పీల్చే సిలికా పొట్లం ఒకటి వేసి, రంగు మారినప్పుడల్లా దాన్ని మార్చండి.